సగం దారం

మా ఆయన కడుపులో ఎవరో తన్నడం పుష్యమాసంలో మొదలైంది.

అప్పుడాయన దుకాణంలో కూర్చుని దూది కట్టలు సర్దుతున్నారు. ఉన్నట్టుండి చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, "రత్నం, లోపల ఎవరో కాలితో తన్నినట్టుందే" అన్నారు.

"పొద్దున మినపట్లు ఎన్ని తిన్నారు?"

"మినపట్టు బరువుగా ఉంటది గానీ తన్నదే. ఇది తన్నింది. ఇదిగో, మళ్ళీ."

చూశాను. చొక్కా గుండీ కదిలింది.

నా పేరు పోలిశెట్టి శేషారత్నం. నరసరావుపేటలో ఆసుపత్రులుండే వీధిలో మాకు సర్జికల్ దుకాణం ఉంది. గ్లౌజులు, సిరంజిలు, కట్టుగుడ్డలు, ఆపరేషన్లలో కుట్లు వేసే దారాలు అమ్ముతాం. బోర్డు మీద పేరు మా ఆయన పాండురంగం గారిది, బేరం నాది. నా కళ్ళకి లోకంలో ప్రతిదీ కాటాలాగే కనపడుతుంది. ఒక పళ్ళెంలో ఏదైనా పెట్టారంటే రెండో పళ్ళెంలో ఏముందని చూస్తాను. అందుకు నేనెవరికీ సంజాయిషీ చెప్పను.

ఎదురు మందుల షాపు గోపయ్యకి ఈ తన్నుళ్ళ సంగతి తెలిసింది. ఇంకేముంది, రోజూ అదే పాట.

"బాబాయ్, ఎన్నో నెల? సీమంతానికి పిలవకపోతే ఊరుకోం."

"పిలుస్తాలేరా. గాజులు మాత్రం నువ్వే తేవాలి" అనేవారు ఆయన. నవ్వేవారు గానీ, ఆ నవ్వు మధ్యలో ఆగిపోయి పక్కటెముకల కింద చెయ్యి నొక్కుకునేవారు. అంతకుముందు కూడా ఏదో ఒకటి ఉండేది. కుర్చీలో ఊరికే కూర్చున్న మనిషి, బస్తా ఎత్తినట్టు నడుం పట్టుకుని మూలిగేవారు. స్కానింగు చేయించాం, లోపల ఏమీ లేదు. డాక్టరు గ్యాస్ అన్నాడు. మందు రాశాడు. తన్నులు ఆగలేదు.

రెండేళ్ళ కిందట ఆయనకి పేగుకి చిల్లు పడి ఆపరేషన్ చేయాల్సొచ్చింది. ఆ కుట్లు ప్రాణపట్టుతో వేశారు. నా దుకాణంలో ప్యాకెట్టే, నా చేత్తో ఇచ్చాను. పట్టుపురుగు ఒంట్లో దారం పుట్టించే కణాల్ని తీసి, వాటిని ఏవో మార్పులు చేసి, గాజు తొట్టెల్లో పెంచి తీసిన దారం అది. ఊరికే పోలికకి చెప్పడం కాదు, నిజంగానే ప్రాణమున్న దారం. గాయం వాస్తే తనంతట తను వదులవుతుంది, వాపు తీస్తే బిగుస్తుంది. గాయం మానాక ఒంట్లోనే కరిగిపోతుందని కంపెనీ చెప్పింది. ఈ దుకాణంలో నేనమ్మిన సరుకుల్లో అంత బాగా పనిచేసింది ఇంకొకటి లేదు. జరిగిందంతా జరిగాక కూడా ఆ మాట వెనక్కి తీసుకోను.

మాఘంలో కంపెనీ నుంచి కబురొచ్చింది. కరగాల్సిన దారం కొందరిలో కరగడం లేదు, పేగుల్ని బిగిస్తోంది. ఉన్న సరుకు వెనక్కి పంపండి, వేయించుకున్న వాళ్ళని పిలిపించండి అని.

సరుకు వెనక్కి పిలవడం వ్యాపారంలో తలవంపు కాదు. తప్పున్నా పిలవకపోవడం తలవంపు. తుప్పు సూదులొస్తే, చిల్లుల గ్లౌజులొస్తే, కంపెనీలు కాదన్నా పోట్లాడి వెనక్కి పంపినదాన్ని. షెల్ఫులో ఉన్న ప్రాణపట్టు ప్యాకెట్లన్నీ ఆ పూటే అట్టపెట్టెలో పెట్టి టేపు వేశాను. సరే, షెల్ఫులోది లారీ ఎక్కుతుంది. మనిషి కడుపులోది ఏ లారీ ఎక్కుతుంది?

దానికీ కంపెనీ దగ్గర జవాబుంది. విడుపుమందు అని ఒక ఇంజెక్షన్. కుట్టు దగ్గర వేస్తే దారం చచ్చి, ఒంట్లో కలిసిపోతుంది. చైత్రంలో మా ఊళ్ళో కళ్యాణమండపం అద్దెకి తీసుకుని శిబిరం పెట్టారు. మందు చల్లగా ఉండాలని నా దుకాణం ఫ్రిజ్‌లో దాచి, ఆ ఉదయం ఒక్క డబ్బా మాత్రం మండపానికి పట్టుకెళ్ళారు.

*

శిబిరంలో మొదటి మంచం మా ఆయనదే. కంపెనీ మేనేజరు వంశీధర్ ఆయన చెయ్యి పట్టుకుని ఫోటో తీయించుకున్నాడు. ఇస్త్రీ నలగని కుర్రాడు, మాట మెత్తన. "డీలరు గారి కుటుంబమే ముందు వేయించుకుంటే జనానికి ధైర్యం మేడమ్" అన్నాడు. దారాన్ని తయారుచేసిన ప్రయోగశాల నుంచి డాక్టర్ ప్రణతి అనే అమ్మాయి కూడా వచ్చింది. ఆమె ఫోటోకి రాలేదు. సాయానికి సలోమి సిస్టరుని పెట్టుకున్నారు. మా ఆయనకి ఆపరేషన్ చేసిన నర్సింగ్‌హోములో థియేటర్ సిస్టరు ఆవిడే.

ప్రణతి సూది ఎక్కించింది. సలోమి పొట్ట మీద స్పిరిట్ దూది రుద్దుతోంది. అంతలో మా ఆయన, "ఆగండమ్మా, తన్నుతోంది" అన్నారు.

సలోమి ఇంకో చెయ్యి కూడా పెట్టింది. వేళ్ళు కాసేపు అక్కడే ఉంచింది. ఎన్ని వందల కాన్పులు చూసిన చేతులో అవి.

"అమ్మగారూ, ఇది గ్యాస్ కాదు" అంది. "ఇది బిడ్డ కాలు."

పక్క మంచాల మీద వాళ్ళు ఘొల్లుమన్నారు. సలోమి నవ్వలేదు. ఆమె మొహంలో రక్తం లేదు. బేరంలో ఎదుటివాడి మొహం చదవడమే నా చదువు. ఆ మొహం చూడగానే నాకు ఊళ్ళో ప్రతి థియేటర్లోనూ జరిగే పని గుర్తొచ్చింది.

"సిస్టర్, ఆ రోజు మా ఆయనకి వేయగా మిగిలిన సగం దారం ఎవరికి వేశారు?"

"మెల్లిగా అమ్మగారూ..."

"ఎవరికి?"

"ఎవరో కాన్పు కేసు. పల్లెటూరి నుంచి ఆటోలో తెచ్చారు. గర్భసంచి చిరిగింది. పెద్దాపరేషన్ చేసి బిడ్డని తీశాం. పేరు గుర్తులేదు, ఊరు గుర్తులేదు. రోజుకెంతమంది..." ఆమె గొంతు దిగిపోయింది. "ప్యాకెట్టులో దారం మూరలకి మూరలుంటది. మనకి పట్టేది జానెడు. మిగిలింది పారేయడానికి చేతులొస్తాయా? ప్యాకెట్టులో ఉండే నీళ్ళలోనే ఉంచి తర్వాత కేసుకి వాడతాం. లేనోళ్ళకి ఉత్తినే మంచి దారం పడుద్ది గదా అని."

మా ఊరి పద్ధతి అది. ఇద్దరు కూర్చుంటే ఒక టీ చెప్పి రెండు గ్లాసుల్లో పోయించుకుంటారు. బిళ్ళని గోటితో విరిచి పిల్లకి సగం, తల్లికి సగం వేస్తారు. పారేయడం మాకు చేతకాదు. పెట్టె మీద 'ఒక ప్యాకెట్టు ఒక రోగికే' అని రాసి లేదా అంటే, ఉంది. ఉడకబెట్టి పదేళ్ళు వాడుకునే కత్తెర పెట్టె మీద కూడా అదే ఉంది. అన్నిటి మీదా ఒకే అరుపు అరిస్తే అందులో నిజమైన అరుపు ఏదో ఎవరికి తెలుస్తుంది?

నేను ప్రణతి వైపు తిరిగాను. ఆ అమ్మాయి సూది పక్కన పెట్టేసింది.

"నీకు తెలుసా ఈ సంగతి?"

"సగం తెలుసండి" అంది. "ల్యాబులో ఒకే దారం ముక్కలు రెండు తొట్టెల్లో ఉన్నాయి, మధ్యలో గోడ. ఒకదానికి బరువు కడితే అవతలి గదిలో రెండోది బిగిసింది. పొరపాటేమో అనుకుని ఒక ముక్కని చెన్నై పంపించాను. అక్కడ కూడా అదే. ఎలా జరుగుతోందో నాకు ఇప్పటికీ తెలీదు. రాసిచ్చాను. ఒక ప్యాకెట్టు ఒక మనిషికే కాబట్టి దీంతో మనకి పనిలేదన్నారు."

"ఒకటి చస్తే రెండోది ఏమవుతుంది?"

"అది చూసేలోపు నన్ను వేరే పనికి మార్చారు."

"అయితే ఇవాళ చూద్దాం" అన్నాను. మా ఆయన్ని మంచం మీంచి లేపాను.

*

మా ఇల్లు దుకాణం వెనకే. ఆ గడప లోపలికి కోడిగుడ్డు కూడా ఎన్నడూ రాలేదు. ఆ మధ్యాహ్నం సలోమి సంచిలో మేక పేగు తెచ్చింది. నేనే రెండు స్టీలు గిన్నెలు తీసిచ్చాను. మా ఆయన పూజగది తలుపు దగ్గరగా వేసి, "దేవుడు చూడలేదులే" అన్నారు.

టేపు వేసిన పెట్టె కోసి ఒక ప్యాకెట్టు తీశాను. ప్రణతి దారాన్ని రెండు ముక్కలు చేసింది. పేగుని రెండు ముక్కలు చేసి, ఒక్కోదానికి గాటు పెట్టి, ఒక సగం దారంతో ఒకటి, ఇంకో సగంతో ఒకటి కుట్టింది. గోరువెచ్చటి ఉప్పునీళ్ళలో రెండూ వేసింది. ఒక గిన్నె దుకాణం బల్ల మీద, రెండోది వంటింట్లో. మా వెనకే వచ్చిన వంశీధర్‌ని వంటింటి గిన్నె దగ్గర కూర్చోబెట్టాను. వద్దన్నాడు గానీ, "రెండు కళ్ళూ నీవే ఉండాలి బాబూ, రేపు నేను గారడీ చేశానంటావు" అంటే కూర్చున్నాడు.

ప్రణతి దుకాణం గిన్నెలో పేగుని చిటికెనవేలితో లాగింది. "కదిలింది" అని లోపల్నుంచి కేకేశాడు. రెండుసార్లు లాగింది. "రెండుసార్లు." ఆ గొంతులో చిన్నపిల్లాడి సంబరం లాంటిది వినపడింది నాకు.

తర్వాత ఆమె విడుపుమందు ఎక్కించింది. మా ముందున్న కుట్టు తెల్లబారి, మెత్తబడి, నీళ్ళలో పీచుపీచుగా లేచిపోయింది. పేగు నోరు తెరుచుకుంది. లోపల్నుంచి ఏ కేకా రాలేదు. నేను వెళ్ళి చూశాను. వంశీధర్ గిన్నెలోకి చూస్తూ అలాగే ఉన్నాడు. అక్కడ కూడా కుట్టు లేదు.

"ఆ కాన్పు కేసు పిల్ల ఇప్పుడు మళ్ళీ కడుపుతో ఉందన్నమాట" అంది సలోమి. "ఆ గర్భసంచిని పట్టుకున్నది ఆ సగం దారమే అయితే..." గిన్నెలో తెరుచుకున్న పేగు వైపు చూసింది.

వంశీధర్ తేరుకున్నాడు. జీతం తీసుకునే మనిషి త్వరగా తేరుకోవాలి.

"మేడమ్, ఇది మేక పేగు. దీన్నిబట్టి ఏమీ రుజువు కాదు."

"మేక పేగుకీ నా మొగుడి పేగుకీ దారం దగ్గర తేడా ఏంటో చెప్పు."

"సరే. మీరన్నదే నిజమనుకుందాం. మా దగ్గర పేరున్న వాళ్ళకి పేగులు బిగుస్తున్నాయి. మీవారికి కూడా. ఇది నిజంగా ప్రమాదం, అందుకే వెనక్కి పిలుస్తున్నాం. తెలిసిన ప్రాణాల్ని ఆపి, ఉన్నారో లేదో తెలియని వాళ్ళ కోసం ఎదురుచూడమంటారా? రేపు మీవారికి ఏదైనా అయితే?"

తప్పు మాట కాదు. కాటాలో ఆ పళ్ళెం బరువు నాకు తెలుసు. అందులో కూర్చున్నది నా మొగుడు.

"గోడౌన్లో చీకట్లో ఉన్న బస్తాకి లెక్కలో పేరు లేదని తడవనిస్తామా బాబూ? బస్తా అయితే ఉందిగా" అన్నాను. "ఒక్క రోజు ఇవ్వు. వాళ్ళని వెతుకుతాను."

"వెతకడమంటే బయటికి చెప్పడం. చెబితే ఈ సిస్టర్ లైసెన్సు పోతుంది. ఆ డాక్టర్లు జైలుకి వెళ్తారు. రూలు తప్పింది మీ ఊరు మేడమ్, కంపెనీ కాదు. శిబిరం సాయంత్రం మళ్ళీ మొదలవుతుంది."

"మందెక్కడుంది?"

అతను ఫ్రిజ్ వైపు చూశాడు. నేను తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకున్నాను. శిబిరంలో మిగిలిన డబ్బా ప్రణతి చేతిసంచిలో ఉంది. ఆమె అతని వైపు చూడకుండా దాన్ని కూడా నా చేతికిచ్చింది.

"డీలర్‌షిప్ పోతుంది మేడమ్."

"పోనీ."

"పోలీసుల్ని పిలుస్తాను."

"పిలువు. గిన్నెలు కడగకుండా ఉంచుతాను, వాళ్ళు కూడా చూస్తారు."

సలోమి అప్పటిదాకా గోడకానుకుని ఏడుస్తోంది. కళ్ళు తుడుచుకుని ముందుకొచ్చింది. "లైసెన్సు సంగతి నేను చూసుకుంటానండీ సారూ. మైకులో నా పేరు కూడా చెప్పండి అమ్మగారూ. సలోమి చేత్తో కుట్లు పడ్డాయంటే ఆడోళ్ళకి గుర్తొస్తది."

*

మా వైపు సంతలో ఎద్దుల బేరం తువాలు కింద జరుగుతుంది. మాట ఉండదు. కొనేవాడు, అమ్మేవాడు తువాలు కింద చేతులు కలిపి వేళ్ళు నొక్కుతారు. చుట్టూ వందమంది నిలబడ్డా ఆ రెండు చేతులకి తప్ప ఎవరికీ ధర తెలియదు. నాకు అది తట్టింది. దారం లాగితే అవతలి వాళ్ళకి తెలుస్తుంది. అలాంటప్పుడు ఒక్కొక్కరి కుట్టుని ఒక్కో తీరున నొక్కితే, ఎవరి జత ఎవరో వాళ్ళ ఒళ్ళే చెబుతాయి.

మైకు ఆటోలు పల్లెల మీదకి పంపాం. మిర్చి కోతల కాలం. చేలల్లో ఉన్న కూలీలందరికీ వినపడేలా గట్టు వెంబడి తిప్పమన్నాను.

"అమ్మలారా, అయ్యలారా! గత రెండు మూడేళ్ళలో నరసరావుపేటలో ఆపరేషన్ చేయించుకున్నవారికి విజ్ఞప్తి! రేపు ఉదయం పదిగంటల నుంచి మీ పాత కుట్టు దగ్గర ఎవరో లోపల్నుంచి నొక్కినట్టుంటే భయపడవద్దు! ఎన్నిసార్లు నొక్కారో గుర్తుపెట్టుకుని పోలిశెట్టి వారి సర్జికల్ దుకాణానికి రండి! సలోమి సిస్టరు గారు అక్కడే ఉంటారు! ఇది దయ్యం కాదు, దారం! ఆటో ఛార్జీ మేమే ఇస్తాం!"

మర్నాడు పేర్లున్న వాళ్ళందర్నీ దుకాణం ముందు షామియానా కింద కూర్చోబెట్టాం. రిటైరైన తహసీల్దారు, పొగాకు కంపెనీ యజమాని భార్య, కాలేజీ లెక్చరరు, ఇంకా అలాంటివాళ్ళు. ప్రణతి ఒక్కొక్కరి కుట్టు మీద ఒక్కో తీరున నొక్కింది. తహసీల్దారు గారు గొణిగారు. "నా కుట్టు ఇంకొకడికి వేశారా? నేను డబ్బు కట్టిన దారం అమ్మా అది."

"సగానికే కట్టారనుకోండి" అన్నారు మా ఆయన.

ఆయన వంతు చివర. ఐదు నొక్కులు, ఆగి, రెండు నొక్కులు. ప్రతిసారీ ఆయన పెదవి కొరుక్కున్నారు. గోపయ్య ఆ రోజు ఎగతాళి చేయలేదు. కుర్చీలు తెచ్చి వేశాడు.

జనం మధ్యాహ్నానికి రావడం మొదలైంది. హోటల్లో పిండి రుబ్బే మనిషి వచ్చాడు, చేత్తో తొడ మీద కొట్టి చూపించాడు, లెక్చరరు లేచి నిలబడ్డాడు. బస్సు క్లీనరు ఒకడు పొగాకు యజమాని భార్య ఎదురుగా నిలబడి, "అమ్మా, మీరు శుక్రవారం శుక్రవారం ఉపాసముంటారా? ఆ రోజు నాకు కడుపులో పీకుతది" అన్నాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డబ్బిచ్చి కుట్టించుకున్న వాళ్ళొక వరస, మిగిలిన సగం ఉత్తినే పడినవాళ్ళొక వరస. ఆ షామియానా కింద తప్ప ఆ రెండు వరసలూ ఒకరి మొహం ఒకరు చూసుకునే చోటు ఊళ్ళో ఇంకొకటి లేదు.

ఐదు, రెండు మాత్రం రాలేదు.

పొద్దు వాలుతుండగా మిర్చి ఘాటుతో ఒక ఆటో వచ్చి ఆగింది. ముందు ఒక ముసలామె దిగింది, వెనక నిండు కడుపుతో ఒక పిల్ల. చీర నిండా ఎర్రటి దుమ్ము.

"సలోమమ్మ ఎవరండీ?" అంది ముసలామె. "నా పేరు ఖాజాబీ. ఇది నా కోడలు మస్తాన్‌బీ. పొద్దున్నించీ దీని కడుపులో పీర్లపండగ డప్పు కొడతన్నారు."

"ఎన్ని?" అన్నాను.

మస్తాన్‌బీ చేత్తో గాలిలో కొట్టి చూపించింది. ఐదు. ఆగింది. రెండు.

మా ఆయన కుర్చీలోంచి లేచారు. ఇద్దరూ ఒకరి పొట్ట ఒకరు చూసుకున్నారు.

"నువ్వేనా తల్లీ, బస్తాలెత్తేది? నా నడుం విరిగిపోయిందే."

"మీరేనా రాత్రిళ్ళు దగ్గేది?" అంది ఆ పిల్ల. "నా లోపల ఎవరో ముసలాయన దగ్గుతున్నాడంటే మా అత్త తాయెత్తు కట్టించింది."

అందరూ నవ్వారు. ప్రణతి నవ్వకుండా ఆ పిల్లని స్కానింగుకి తీసుకెళ్ళింది. తిరిగొచ్చి మమ్మల్ని లోపలికి పిలిచింది. ఆ గర్భసంచి మీద పాత గాటు కాగితంలా పలచబడింది. దాన్ని పట్టి ఉంచింది ఒక్క దారమే. బిడ్డ ఎదగడానికి ఇంకో నెలన్నా కావాలి. బిడ్డ ఎదిగేకొద్దీ అక్కడ దారం సాగుతుంది, సాగేకొద్దీ ఇక్కడ ఈయన పేగుని బిగిస్తుంది. ముందే ఈయన పొట్ట కోసి దారం విప్పుదామన్నా, ఇక్కడి లాగుడుకి అక్కడ గాటు చిరుగుతుంది.

"నెల ఆగితే ఈయనకి?" అన్నాను.

"ప్రమాదమే. ఏ రోజైనా పేగు మూసుకుపోవచ్చు. ఆగమని నేను చెప్పలేను, వద్దని కూడా చెప్పలేను."

ఆయన నా వైపు తిరిగారు. "రత్నం, నీ లెక్కలో నేనెంత, వాళ్ళెంత?"

"మీరొకరు. అక్కడ ఇద్దరు."

"అయితే తేలిపోయింది గదా."

తేలింది. నా బతుకులో ఏ లెక్కా అంత ఇష్టం లేకుండా తేల్చలేదు.

*

మస్తాన్‌బీని మా మేడ మీద గదిలో పెట్టాం. బరువెత్తనివ్వకూడదు, మెట్లు దిగనివ్వకూడదు. కింద ఈయనకి గంజి, పలచటి మజ్జిగ తప్ప ఏదీ సహించేది కాదు. నెల తిరిగేలోపు మనిషి సగమయ్యారు. ఈయనకి దగ్గు వస్తే మేడ మీంచి ఖాజాబీ అల్లం కషాయం పట్టుకుని దిగేది. "తాగండి అన్నయ్యా, పైన పిల్ల ఎగిరి పడతంది." ఆ పిల్ల ఏడిస్తే ఈయన కింద నుంచే, "ఎవరే పిల్లని ఏడిపించింది?" అని కేకలు.

ఒకరోజు నొప్పి ఎక్కువై ఆయన గోడకి తల ఆనించి కూర్చున్నారు. మస్తాన్‌బీ మెట్ల మీదకొచ్చి నిలబడింది.

"అమ్మా, నన్నిప్పుడే కోయించండి. ఆయన పడే నొప్పి నాకు తెలుస్తంది. బిడ్డ బతికితే బతుకుద్ది."

"నోర్ముయ్" అన్నారు ఆయన. జీవితంలో ఎవర్నీ ఆ మాట అనని మనిషి. "ఇంకో వారం. నేను మొయ్యలేనని నీకెవరు చెప్పారు?"

ఆ మధ్యలో వంశీధర్ మూడుసార్లు వచ్చాడు. మొదటిసారి బెదిరింపు, రెండోసారి డీలర్‌షిప్ రద్దు, మూడోసారి మా ఆయన చేత ఒక కాగితం మీద సంతకం కోసం. రీకాల్‌ని తన ఇష్టంతో నిరాకరించాడని, ఏం జరిగినా కంపెనీకి సంబంధం లేదని. మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు.

"నేను నిరాకరించలేదయ్యా. క్యూలో ఉన్నాను. నా ముందు ఒక ఆడపిల్ల ఉంది, ఆమెది అయ్యాక నాది" అని కాగితం వెనక్కిచ్చేశారు.

వైశాఖంలో ఒక ఉదయం ఆయన దుకాణంలో బల్ల పట్టుకుని ముందుకి వంగిపోయారు. "పైకి పరిగెత్తండి! పిల్లకి నొప్పులు!" అని అరిచారు. నేను మెట్లెక్కేసరికి మస్తాన్‌బీ ఇంకా జడ అల్లుకుంటోంది. "నాకేం లేదమ్మా" అంటూ ఉండగానే మొదటి నొప్పి వచ్చింది.

ఒకే థియేటర్లో రెండు బల్లలు వేశారు, మధ్యలో పచ్చ తెర. అటు బిడ్డని తీశాక, డాక్టరు పాత దారాన్ని చేత్తో విప్పి, ఆ గాటుని మామూలు దారంతో కుట్టాలి. ఆఖరి ముడి పడిందని సలోమి చెప్పాకే ఇటు ప్రణతి సూది గుచ్చాలి. ఒక్క క్షణం ముందు గుచ్చితే అటు ప్రమాదం. బాగా ఆలస్యమైతే ఇటు. నన్ను తలుపు దగ్గర నిలబడనిచ్చారు. పుట్టగానే బిడ్డ ఏడ్చింది, ఆడపిల్ల. కానీ అందరి చెవులూ సలోమి మీదే ఉన్నాయి.

"అయింది. వెయ్యమ్మా!"

ప్రణతి గుచ్చింది.

మా ఆయన బతికారు. జానెడు పేగు తీసేయాల్సొచ్చింది. కారం లేని కూర తింటూ ఇప్పటికీ నన్ను తిడుతుంటారు. షామియానా కింద దొరికిన జతలన్నిటికీ అదే తీరున, ఇద్దరినీ ఒకచోట పెట్టి, చూసి, విడుపుమందు వేశాం. ఎవరూ పోలేదు. ఫ్రిజ్ తాళం అప్పుడు తీశాను.

కంపెనీ సలోమి మీద కేసు వేస్తానంది. వెయ్యమన్నాం. వేస్తే కోర్టులో రెండు గిన్నెలు పెట్టాల్సొస్తుందని వాళ్ళకి తెలుసు. వెయ్యలేదు. ప్రణతి ఉద్యోగం మాత్రం పోయింది. ఆ కబురుతో పాటు ఆమె ఇంకో సంగతి చెప్పింది. మిగతా ఊళ్ళలో శిబిరాలు ఆగలేదు. పేరున్న వాళ్ళని పిలిచి, పొడిచి, పంపేస్తున్నారు. అవతల ఎవరైనా కుప్పకూలితే అది పాత జబ్బు కింద పోతోంది. రేపు ఒంగోలులో.

ఒంగోలు నాకేమవుతుందని ఒక పూటంతా తూచాను. అక్కడ నాకు దుకాణం లేదు, చుట్టాలు లేరు. రెండో పళ్ళెంలో ఏముందో కనపడలేదు. కనపడలేదని లేదనుకునే అలవాటు నాకు లేదు.

మేం వెళ్ళేసరికి మండపం నిండా జనం కుర్చీల్లో ఉన్నారు. చేతుల్లో టోకెన్లు. మస్తాన్‌బీ బిడ్డని భుజాన వేసుకుని నా పక్కన నడిచింది, సలోమి, ప్రణతి వెనక. వంశీధర్ గుమ్మంలోనే చేతులు అడ్డం పెట్టాడు. మొహం అలసిపోయి ఉంది.

"మేడమ్, దయచేసి వెళ్ళిపోండి. ఇది మీ ఏరియా కాదు. మీరిప్పుడు మా డీలరు కూడా కాదు."

"కాదు గనకే వచ్చాను బాబూ. డీలరునైతే నీ మాట వినాల్సొచ్చేది."

అతని చెయ్యి కింద నుంచి దూరి లోపలికి నడిచాను. వేదిక ఎక్కలేదు, మైకు తీసుకోలేదు. కుర్చీల మధ్య నిలబడ్డాను. మంచం దగ్గర నర్సు సూది పట్టుకుని మా వైపు చూస్తోంది. మాటలు మెల్లగా తగ్గాయి.

"ఒక్క మాట అడిగి పోతాను" అన్నాను. "మీలో ఎవరికైనా మీది కాని నొప్పి వస్తోందా?"

ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. వెనక వరసలో బట్టతల పెద్దమనిషి ఒకాయన నవ్వబోయి ఆగాడు. ఆయన చెయ్యి పొట్ట మీదకి పోయింది. అక్కడే కాసేపు ఉంది. తర్వాత పైకి లేచింది.

ఆ పక్కన ఇంకొకటి. కిటికీ దగ్గర ఒక ముసలమ్మది. ఆ తర్వాత నేను లెక్కపెట్టడం మానేశాను.

మంచం దగ్గరున్న నర్సు సూది ట్రేలో పెట్టేసింది.